సంచి మీది చీటి, పుట మీది బిళ్ళ

తొలకరి జల్లు పడి నల్లరేగడి పదునెక్కినంతనే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల రైతులు విత్తనముల దుకాణములకు బయలుదేరుదురు. ధాన్యము కొనువాడు పిడికెడు తీసి నోట కొరికి చూడవచ్చును. మిరపకాయ కొనువాడు గుంటూరు యార్డులో టిక్కీ విప్పించి, రంగు చూచి, తాలు ఎంత ఉన్నదో ఏరి చూడవచ్చును. ప్రత్తి గింజ, మిరప గింజ అట్లు కాదు. గింజలో ఏమున్నదో కంటికి కానరాదు. మొలక వచ్చునో రాదో వారము పది దినములకు గాని తెలియదు. చెప్పిన రకమే అగునో కాదో పూత, కాపు వచ్చినగాని తెలియదు. అప్పటికి కౌలు, దుక్కి, ఎరువు, మందు, కూలి అన్నియు నేలలో పడియుండును, అదను దాటిపోయియుండును. ఆ ఏటి కాపు తప్పినచో ఆ ఇంటి పెండ్లి, పిల్లల చదువు, తీర్పవలసిన అప్పు అన్నియు తప్పును. కావున దుకాణములో రైతు చూచునది గింజను కాదు, సంచికి కుట్టిన చీటిని.

ఈ చీటిని గూర్చి మొదట కొంత చెప్పి, అదే పని చేయు మరియొక చీటిని గూర్చి, అనగా కంప్యూటరు ప్రోగ్రాముల ముంగిట కనిపించు స్థితిసూచకమైన చిన్న బిళ్ళను గూర్చి వివరింపదలచినాము. మన జిల్లాల ఇంజనీరింగు కళాశాలలలో చదివిన యువతీయువకులు అనేకులు నేడు ఆ ప్రోగ్రాములనే వ్రాయుచున్నారు. వారు సెలవులకు ఇంటికి వచ్చి, "బ్యాడ్జి ఎఱ్ఱబడినది" అని ఫోనులో మాటలాడుచుండగా విని, ఎవరికేమి ప్రమాదము సంభవించెనో అని కంగారుపడు పెద్దలకు ఈ సంగతి తెలియుట మంచిది.

మన దేశమున విత్తనముల చట్టము 1966లో వచ్చినది. దాని ననుసరించి విత్తనపు సంచులకు కట్టు చీటీల రంగులు నిర్ణయింపబడినవి. శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో పండించిన బ్రీడరు విత్తనమునకు బంగారు పసుపు. దానినుండి పండించిన మూల విత్తనమునకు తెలుపు. దానినుండి రైతుకు చేరు ధ్రువీకృత విత్తనమునకు లేత నీలము. ఆ నీలపు చీటి పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 7.5 సెంటీమీటర్లు. మిరప రైతుకు చేరినను, కంది రైతుకు చేరినను అదే రంగు, అదే కొలత. అక్షరములు చదువరాని వానికి కూడ రంగు చదువవచ్చును. ఆ చీటి సంచిపైకి ఊరక వచ్చునది కాదు. విత్తన ధ్రువీకరణ సంస్థ అధికారి పైరు నిలిచియుండగా పొలమునకు పోయి, ప్రక్క పొలమునకు ఉండవలసినంత దూరమున్నదా, బెరకు మొక్కలు ఏరివేసిరా అని పరీక్షించును. పిమ్మట గింజల నమూనా ప్రయోగశాలకు పోవును. మిరపకు నూటికి 60 గింజలైనను, సూటి రకపు ప్రత్తికి 65 గింజలైనను మొలవవలెను. అప్పుడు గాని చీటి కుట్టి సీలు వేయరు. ఆ చీటిపై పరీక్ష జరిగిన తేదీ ఉండును. ఆ తేదీ మొదలు తొమ్మిది నెలలే దానికి విలువ. ఆ పైన మరల పరీక్షింపవలెను.

ఇంకొక చీటి కలదు. అది లేత ఆకుపచ్చ రంగుది. దుకాణదారులు దీనిని టి.ఎల్. విత్తనము అందురు. ఇందు మొలక శాతమును, శుద్ధతను విత్తనము తయారుచేసినవారే పరీక్షించుకొని, తామే వ్రాసికొందురు. ప్రైవేటు సంస్థల సంకర ప్రత్తి, సంకర మిరప విత్తనములలో ఎక్కువ భాగము ఈ చీటితోనే వచ్చును. చట్టము దీనిని అంగీకరించినది. అబద్ధము వ్రాసినచో శిక్షయు కలదు. అయినను నీలపు చీటి పరుని మాట, పచ్చ చీటి తన మాట. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను; కంప్యూటరు బిళ్ళలలో కూడ దీని అక్కర కలుగును.

బిళ్ళ అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. కలెక్టరు కచేరీలో ఇత్తడి బిళ్ళ తగిలించుకొన్నవానిని బిళ్ళబంట్రోతు అనెడివారు. అతడెవరో ఊరివారికి తెలియనక్కరలేదు. బిళ్ళను చూచి దారి ఇచ్చెడివారు. బిళ్ళలోని అధికారము మనిషిది కాదు, కచేరీది.

ఇక ప్రోగ్రాముల సంగతి. ఓపెన్ సోర్స్ అనగా, ప్రోగ్రాము యొక్క మూలపాఠమును ఎల్లరును చదువుటకు, వాడుకొనుటకు, మార్చుకొనుటకు వీలుగా బహిరంగముగ ఉంచుట. ఇది మన పల్లెలలో మంచి విత్తనమును ఇరుగుపొరుగులకు చేబదులిచ్చు ఆచారము వంటిది. గిట్‌హబ్ వంటి చోట్ల ఇట్టి ప్రోగ్రాములు లక్షలకొలది ఉన్నవి. ప్రతి ప్రోగ్రామునకు ముంగిట ఒక పుట ఉండును; దాని పేరు రీడ్ మీ, అనగా "నన్ను చదువుము" అని అర్థము. ఈ ప్రోగ్రాము ఏమి చేయును, ఎట్లు వాడవలెను, ఎవరు వ్రాసిరి అను విషయములు అందుండును. క్రొత్తగా వచ్చినవాడు మొదట చూచునది ఆ పుటనే. లోపలి వేల పంక్తులను చదువుటకు అతనికి తీరికయు ఉండదు, శక్తియు ఉండదు. విత్తనము కొనువాని స్థితియే అతనిది.

ఇది మనకు దూరపు విషయమని తలపవలదు. మన ఫోనులో తెలుగు అక్షరము సరిగా కనబడుటకు ఇట్టి ఉచిత ప్రోగ్రాములే కారణము. హర్ఫ్‌బజ్ అను ఒక ప్రోగ్రాము కలదు. పారసీక భాషలో ఆ పేరునకు తెఱచిన అక్షరము అని భావము. క అను అక్షరము క్రింద ష వత్తు చేరి క్ష అగుట, గుణింతము తన చోట కూర్చొనుట, ఇవన్నియు ఆండ్రాయిడ్ ఫోనులలో, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలో, లిబ్రేఆఫీసులో అది చూచుకొనును. తెనాలి రామకృష్ణుని పేర, గిడుగు వారి పేర వెలసిన తెలుగు ఖతులును ఉచిత లైసెన్సుతోనే లభించుచున్నవి. ఒక చోట పొరపాటు జరిగినచో అది కోట్ల ఫోనులకు ప్రాకును. 2018 ఫిబ్రవరిలో తెలుగువారికి ఇది అనుభవమునకు వచ్చినది. జ్ఞ అను సంయుక్తాక్షరమునకు దీర్ఘము చేర్చుచు, నడుమ కంటికి కానరాని ఒక సంకేతమును ఉంచి పంపినచో, ఐఫోనులో ఆ సందేశము తెఱచిన అప్లికేషను కూలిపోవుచుండెను. ఆపిల్ సంస్థ కొలది దినములలో దానిని సరిదిద్దినది. అది ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము కాదు. అయినను ఒక్క తెలుగు అక్షరమును ముందుగా పరీక్షింపకపోయిన ఫలితమెట్టిదో దానివలన లోకమంతయు చూచినది.

కావున మంచి ప్రోగ్రాములు వ్రాయువారు వేలకొలది చిన్న పరీక్షలను కూడ వ్రాసి ఉంచుదురు. ఎవరైనను మూలపాఠములో ఒక్క పంక్తి మార్చినంతనే, వేరొక చోటనున్న యంత్రము దానిని తీసికొని, మొదటినుండి కూర్చి, ఆ పరీక్షలన్నిటిని నడిపించును. ఫలితము బాగున్న బాగున్నదనియు, చెడిన చెడినదనియు ఆ యంత్రమే వ్రాయును. ఆ ఫలితమును ముంగిటి పుటపై చూపునదియే బిళ్ళ. వ్రేలి గోరంత ఎత్తున పొడవుపాటి చిన్న పట్టీ. ఎడమ సగము బూడిద రంగు, అందు "నిర్మాణము" అనియో "పరీక్షలు" అనియో పేరు. కుడి సగము ఆకుపచ్చ, అందు "ఉత్తీర్ణము" అని. కాదేని ఎఱుపు, అందు "విఫలము" అని.

ఇక్కడ ఒక మర్మము కలదు. పుటపై ఆ బొమ్మను ఎవరును అంటింపలేదు. పుటలో ఉన్నది బొమ్మ దొరకు చిరునామా మాత్రమే. మనము పుట తెఱచినపుడు ఆ చిరునామాలోని యంత్రము, నేటి ఫలితమేమో చూచి, తగిన రంగుతో బొమ్మ గీచి పంపును. నిన్న పచ్చగా ఉన్నది నేడు ఎఱ్ఱగా ఉండవచ్చును. పుటలో ఒక్క అక్షరమైనను మారదు. విత్తనపు సంచిపైనున్న నీలపు చీటి తొమ్మిది నెలల తరువాత తనంతట తానే రంగు మారినచో ఎంత బాగుండెడిదో గదా! 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సాథీ అను ఏర్పాటులో చీటిపై ఉన్న క్యూఆర్ కోడు గుర్తును ఫోనుతో చూచి ఆ విత్తనపు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవచ్చును. ఆ ఏర్పాటు ఈ దిక్కునకే నడచుచున్నదని మేము తలచుచున్నాము.

ఈ బిళ్ళలకు కూడ ఒక చరిత్ర కలదు. 2011లో మొదలైన ట్రావిస్ సి.ఐ. అను సంస్థ ఓపెన్ సోర్స్ వారికి పరీక్షలు ఉచితముగా నడిపి, ఫలితపు బొమ్మను ఇచ్చుచుండెడిది. దానిని చూచి ఇతరులును తమతమ బొమ్మలు చేసిరి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. ఒకదాని అక్షరములు మసక, మరియొకదాని పచ్చ వేరు పచ్చ. ఒకే పుటలో నాలుగు చేరినపుడు ఊరికొక తూకపురాయి ఉన్నట్లుండెను. 2013లో ఒలివియే లకాన్ అను ఆయన బిళ్ళల కన్నిటికి ఒక కొలతను, ఒక రూపమును నిర్ణయించి షీల్డ్స్ అను ప్రణాళికను ప్రకటించెను. ఆ ఏడే తాదే తీల్ అను మరియొకాయన బిళ్ళలను అప్పటికప్పుడు గీచి ఇచ్చు ప్రోగ్రామును వ్రాసియుండెను. రెండును కలిసిపోయినవి. 2014లో తీల్, ట్రావిస్ సంస్థలోని ఒకరి తోడ్పాటుతో, చదునైన క్రొత్త రూపమును దిద్ది, తక్కినవారిని కూడ దానికి ఒప్పించెను. నేడు ఎక్కువగా కనబడునది ఆ రూపమే. ఎవరి శాసనమును లేకయే ఈ ఏకరూపత కుదిరినది. మన దేశములో వ్యవసాయపు సరకులకు అగ్మార్కు గుర్తు రావలెనన్న 1937లో చట్టము చేయవలసి వచ్చెను.

ఏకరూపత అనగా అందమునకై కాదు. చూచువాడు మరల మరల నేర్చుకొనకుండుటకు. ఒకే బృందము వారు పది ప్రోగ్రాములు వ్రాసిరనుకొనుడు. ఒకదానిలో "నిర్మాణము" అని, ఒకదానిలో "కూర్పు" అని, ఒకదానిలో "సి.ఐ." అని పేరు పెట్టి, ఒకదానిలో మొదటను, ఒకదానిలో చివరను ఉంచినచో, పదింటిని ఒక్క చూపున చూచుట కుదరదు. అన్నిటను ఒకే పేరు, ఒకే వరుస, ఒకే రూపము ఉండవలెను: మొదట పరీక్షల ఫలితము, పిదప ప్రకటిత సంచిక, ఆ పిదప లైసెన్సు. ఎఱుపు ఎక్కడ కలదో కన్ను తనంత తానే పోయి వ్రాలును. ఇందులకు ఉపాయము, పుటకొక నమూనా చేసి అన్నిటికి దానినే వాడుట. గూగుల్ ఫాంట్స్ వారు ఖతులు చేయువారికి ఇచ్చు నమూనాలో బిళ్ళలు ముందే అమర్చబడియున్నవి; అక్షరములు సరిగా కూడుచున్నవా లేదా అను పరీక్షకు కూడ అందొక బిళ్ళ కలదు. తెలుగు ఖతి చేయువానికి అంతకు మించి కావలసిన బిళ్ళ లేదు.

పేరు, రంగులతో పాటు మరి రెండు సంగతులు సరిచూడవలెను. ఒకటి, ఏ శాఖ ఫలితమో స్పష్టముగా చెప్పుట. ప్రోగ్రాము వ్రాయువారు ప్రధాన పాఠమును ఒక శాఖగాను, ప్రయోగములను వేరు శాఖలుగాను ఉంచుకొందురు. బిళ్ళ ప్రధాన శాఖదే కావలెను. లేనిచో ఎవరి ప్రయోగమో చెడిపోయి ముంగిట ఎఱ్ఱజెండా ఎగురును, లేదా ప్రధాన శాఖ చెడియుండగా వేరొక పచ్చ కనబడును. రెండవది, బిళ్ళను నొక్కినంతనే పరీక్ష జరిగిన చోటికి, దాని పూర్తి వివరములకు పోవునట్లు లంకె ఉండుట. లంకె లేని బిళ్ళ, చీటి నంబరు లేని చీటి వంటిది.

మా పాఠకులు వినుట యందు అలవాటు పడినవారు గనుక ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. చూపు లేనివారు కంప్యూటరును చెవితో చదువుదురు. ఎన్.వి.డి.ఏ. అను ఉచిత ప్రోగ్రాము తెరపైనున్న దానిని పైకి చదివి వినిపించును. దానితో కూడ వచ్చు ఈస్పీక్ అను కంఠము తెలుగును కూడ పలుకును. అది బొమ్మను చదువలేదు. బొమ్మకు బదులుగా వ్రాసి ఉంచిన మాటను చదువును. ఆ మాట వ్రాయనిచో వినువానికి కేవలము "బొమ్మ" అనియో, అర్థము కాని పొడవైన చిరునామాయో వినబడును. అట్లని "పరీక్షలు: ఉత్తీర్ణము" అని చేతితో వ్రాసి ఉంచుట మరింత తప్పు, బొమ్మ ఎఱ్ఱబడినను చెవికి పచ్చయే వినబడును. "ప్రధాన శాఖ పరీక్షల స్థితి" అని వ్రాసి, లంకెను అనుసరించి ఫలితమును వినునట్లు చేయుట మేలు. రంగుల భేదము తెలియని కన్నులు గలవారి కొరకు కుడి సగములో మాట ఉండనే ఉన్నది. రంగును మాత్రమే నమ్ముకొన్న బిళ్ళలను మేము మెచ్చము.

పాతబడిన చీటీల బాధ ఇచ్చటను కలదు. ట్రావిస్ వారి పాత ఉచిత నెలవు 2021 జూన్ 15న మూతపడినది. దాని బిళ్ళలను తగిలించుకొన్న పుటలు అసంఖ్యాకములు. తీసివేయువారు లేక ఆ పాత చిరునామాలు పెక్కు పుటలలో నిలిచిపోయినవి. 2022 చివర షీల్డ్స్ వారు గిట్‌హబ్ పరీక్షల బిళ్ళకు చిరునామా వ్రాయు పద్ధతిని మార్చిరి. పాత పద్ధతిలో ఏ పరీక్ష, ఏ శాఖ అను సందిగ్ధత ఉండెడిది. అందుచేత మార్పు న్యాయమైనదే. కాని పాత చిరునామాలున్న పుటలన్నిటిపై ఫలితమునకు బదులు, మార్పును వివరించు ఒక పుట చిరునామా ప్రత్యక్షమైనది. కొందరు విసుగుకొనిరి. మాకు మాత్రము ఆ పద్ధతి నచ్చినది. తెలియనిదానిని పచ్చగా చూపుటకంటె తెలియదని చూపుట మేలు గదా.

పచ్చ చీటి, నీలపు చీటి భేదమును గూర్చి లోగడ చెప్పితిమి. బిళ్ళలలో కూడ కొన్ని యంత్రము పరీక్షించి వ్రాయునవి, కొన్ని పుట వ్రాసినవాడు తన కిష్టమైన మాట చేర్చి గీయించుకొన్నవి. షీల్డ్స్ యంత్రము ఏ మాట ఇచ్చిన ఆ మాటతో, ఏ రంగు కోరిన ఆ రంగుతో బిళ్ళ గీచి ఇచ్చును. "ప్రేమతో చేయబడినది" అనుదానిని కూడ పచ్చగా గీచి ఇచ్చును. రెండును చూపునకు ఒకే విధముగా ఉండుట ఈ ఏకరూపతలోని లోపమే. 2018లో ఆషర్ ట్రాక్‌మన్ మొదలగు పరిశోధకులు ఎన్.పి.ఎం. అను భాండారమునందలి సుమారు 2,95,000 ప్రోగ్రాములను పరిశీలించి, పరీక్షల స్థితిని, పరీక్షల విస్తృతిని, ఆధారపడిన ఇతర ప్రోగ్రాముల క్రొత్తదనమును లెక్కించి చూపు బిళ్ళలు చాలవరకు నమ్మదగినవని తేల్చిరి. అట్టి బిళ్ళలున్న చోట నిజముగానే పరీక్షలు ఎక్కువగా ఉన్నవి. మరి లినక్స్ ఫౌండేషన్ వారి ఆధ్వర్యమున 2016లో మొదలైన ఉత్తమ పద్ధతుల బిళ్ళ మధ్యస్థమైనది. అందు ప్రశ్నలకు జవాబులు చాలవరకు స్వయముగానే వ్రాసికొందురు. కాని ప్రతి జవాబును ఎల్లరును చదువునట్లు బహిరంగముగ ఉంచవలెను.

పరీక్షింపబడిన బిళ్ళ కూడ తాను పరీక్షించినదానినే చెప్పును. పాత వాల్వు రేడియోలలో పచ్చగా వెలుగు ఒక కన్ను ఉండెడిది. స్టేషను కుదిరినదో లేదో అది చూపెడిది, ఆ స్టేషనులో వచ్చు పాట మంచిదో కాదో చూపెడిది కాదు. 60 శాతము మొలచునను చీటి కాపును గూర్చి హామీ ఇయ్యదు. బొబ్బర తెగులు రాదనియు చెప్పదు. 2024 మార్చిలో ఎక్స్.జెడ్. అను ప్రోగ్రామున, దానిని చూచుకొనువారిలో ఒకడుగా చేరిన వ్యక్తియే రహస్యముగా దొంగదారి పెట్టినట్లు బయటపడినది. ఆ దొంగదారిలో ఒక భాగము పరీక్షల కొరకు ఉంచిన దస్త్రములలోనే దాగియున్నది. దానిని మేల్కొలుపు పంక్తులు అందరును చూచు మూలపాఠములో లేక, పంపిణీకి కట్టిన మూటలో మాత్రమే ఉన్నవి. ఏ బిళ్ళయు దానిని చూపలేదు. లాగిన్ అగుటకు అర సెకను ఆలస్యమగుచున్నదేమి అని శంకించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు పట్టుకొనెను.

క్రొత్తగా బిళ్ళలు పెట్టదలచిన యువకులు మమ్ము అడిగినచో, ముందు పరీక్షలను వ్రాయుడు అని చెప్పుదుము. అందు మన వత్తులు, గుణింతములు, పొల్లులు గల పదములను చేర్చుడు. ఆ పరీక్షలు ప్రతి మార్పునకు నడచు ఏర్పాటు చేసి, దాని బిళ్ళను ఒక్కదానినే పుట తలకట్టు క్రింద పెట్టుడు. గిట్‌హబ్ వారు 2019నుండి తామే పరీక్షలు నడుపుచు, పరీక్షపత్రము పేరు చివర ఒక చిన్న మాట చేర్చినంతనే బిళ్ళ ఇచ్చుచున్నారు. సంచిక, లైసెన్సు బిళ్ళలు పిదప చేరవచ్చును. నాలుగైదు మించినచో ఎవరును చదువరు. హర్ఫ్‌బజ్ వారి పుటపై లినక్స్, మాక్, విండోస్ అను మూడు నేలలకు మూడు బిళ్ళలు వరుసగా ఉన్నవి. దానిని చిందరవందర దత్తాంశముతో అదే పనిగా బాదు పరీక్షకు మరియొకటి ఉన్నది. ఏ నేలలో మొలక తప్పినదో వరుసను చూచినంతనే తెలియును. ఇక బిళ్ళ ఎఱ్ఱబడినపుడు దానిని తీసివేయవలదు. మార్పును వెనుకకు తీసికొని, కారణమును వెదకి, పచ్చ తనంత తానే వచ్చువరకు క్రొత్త సంచికను ప్రకటింపక ఆగుడు.